ఆయుధం లేని చేయి: ‘గ్రాన్ టొరినో’ ముగింపుపై వాదోపవాదాలు – ఒక పరిశీలన

ఒక నటుడు దశాబ్దాల పాటు ప్రేక్షకుల మనసులో ప్రతిష్ఠించిన మూర్తిని, వార్ధక్యంలో తానే దర్శకుడై పునర్విచారణకు నిలబెట్టినప్పుడు ఆ చిత్రాన్ని ఏ ప్రమాణంతో అంచనా వేయాలి? చిత్రాన్ని చిత్రంగానే చూడాలా, లేక ఆ నటుని పూర్వచిత్రాలన్నింటినీ అందులో భాగంగా చదవాలా? ఇది సినిమా అభిమానుల వాదోపవాదాలకే పరిమితమైన ప్రశ్న కాదు. కృతికీ, కర్తకూ, సహృదయునికీ ఉండే సంబంధాన్ని గురించిన సాహిత్యశాస్త్ర ప్రశ్న కూడా. క్లింట్ ఈస్ట్‌వుడ్ 78 ఏళ్ల వయసులో నటించి, దర్శకత్వం వహించిన ‘గ్రాన్ టొరినో’ (2008) ముగింపుపై వినవచ్చే వాదాలను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

నిక్ షెంక్ చిత్రానువాదం సమకూర్చిన ఈ కథ అమెరికాలోని డెట్రాయిట్ నగరాన్ని ఆనుకొని ఉన్న హైలాండ్ పార్క్‌లో జరుగుతుంది. వాల్ట్ కొవాల్‌స్కీ పోలిష్ సంతతికి చెందిన వృద్ధుడు. కొరియా యుద్ధంలో పోరాడినవాడు. ఫోర్డ్ కార్ల కర్మాగారంలో పనిచేసి విరమించినవాడు. భార్య అంత్యక్రియలతో కథ మొదలవుతుంది. ఇరుగుపొరుగున మోంగ్ కుటుంబాలు స్థిరపడ్డాయి. లావోస్ కొండ ప్రాంతాల నుంచి వచ్చిన ఈ ప్రజలు అమెరికా పక్షాన పోరాడి, 1975 తర్వాత శరణార్థులైనవారు. పొరుగింటి కుర్రవాడు థావో ఒక ముఠా ఒత్తిడికి లోబడి వాల్ట్ అపురూపంగా చూసుకొనే 1972 నాటి గ్రాన్ టొరినో కారును దొంగిలించబోయి పట్టుబడతాడు. జాతిద్వేషం నిండిన ఆ వృద్ధునికీ, ఈ కుర్రవానికీ, అతని అక్క సూకూ క్రమంగా ఏర్పడిన ఆత్మీయత చివరకు వాల్ట్ ప్రాణత్యాగానికి దారితీస్తుంది.

మూడు వాదాలు

ఈ ముగింపు గురించి ప్రధానంగా మూడు వాదాలున్నాయి. ఇది ఈస్ట్‌వుడ్ చేసుకొన్న ప్రాయశ్చిత్తమన్నది మొదటిది. ‘డర్టీ హారీ’ (1971)లో చట్టపు హద్దులు దాటి తుపాకీతో తీర్పు చెప్పిన నటుడు ఇక్కడ ఆయుధం లేకుండా తూటాలకు ఎదురు నిలిచి, తాను నిర్మించిన వీరమూర్తిని తానే కూల్చివేశాడని ఈ పక్షం చెబుతుంది. రెండవ వాదం ఇందుకు పూర్తిగా విరుద్ధం. వేషం మారినా పాత్ర మారలేదనీ, బలహీనులైన పరజాతీయులను రక్షించే తెల్లజాతి ఉద్ధారకుని పాత కథే ఇందులో పునరావృతమైందనీ, చివరకు మరణం కూడా అతని ఔన్నత్యాన్ని పెంచడానికే ఉపయోగపడిందనీ దాని ఆక్షేపణ. మూడవది శిల్పపరమైనది. అనుభవం లేని నటుల అభినయం, సంభాషణల మోటుదనం, ఊహకందే ఇతివృత్తం గల సామాన్య చిత్రమిదనీ, ఈస్ట్‌వుడ్ గతం తెలియని ప్రేక్షకునికి ఇందులో మిగిలేది స్వల్పమనీ ఈ పక్షం భావిస్తుంది.

మూడు వాదాలకూ పునాది ఒక్కటే. ముగింపు అర్థం నటుని గతం నుంచే వస్తుందని ముగ్గురూ అంగీకరిస్తున్నారు. దానిని ఒకరు గుణంగానూ, ఒకరు దోషంగానూ, మరొకరు ఊతకర్రగానూ చూస్తున్నారు. ముందుగా పరీక్షించవలసినది ఈ పునాదినే.

ప్రేక్షక స్మృతి: లోపలిది, వెలుపలిది

రసాస్వాదనకు సామాజికుని హృదయంలో సంస్కారరూపంలో ఉండే వాసనలు ఆధారమని అభినవగుప్తుడు ప్రతిపాదించాడు. ఈస్ట్‌వుడ్‌ను చూడగానే ప్రేక్షకునిలో మేల్కొనే స్మృతిని వాసన అనవచ్చునా? అనలేము. రతి, శోకం, క్రోధం వంటి స్థాయిభావాల వాసనలు మనుష్యులందరికీ సాధారణం. ఒక నటుని పూర్వపాత్రల జ్ఞాపకం మాత్రం కొందరు కాలక్రమంలో ఆర్జించుకొన్నది. కావ్యాన్ని నిరంతరం అనుశీలించడం వల్ల మనోదర్పణం నిర్మలమైనవాడు సహృదయుడని అదే ఆచార్యుడు చెప్పిన మాట ఇక్కడ ఎక్కువగా వర్తిస్తుంది. చిత్రాభిమాని తన ప్రియనటుని చిత్రాల విషయంలో ఇటువంటి అభ్యాసం గలవాడే. అతని స్మృతికి అర్థగ్రహణంలో స్థానముంది. అయితే కృతి ఆ స్మృతిపైనే పూర్తిగా ఆధారపడిందా అన్నది వేరే ప్రశ్న.

దీనికి చిత్రంలోనే సమాధానం ఉంది. కథ మధ్యలో సూను వీధిలో అడ్డగించిన యువకుల ఎదుట వాల్ట్ తన ట్రక్కు ఆపి దిగుతాడు. మొదట చేతివేళ్లను తుపాకీలా చాచి వారివైపు గురిపెడతాడు. వారు నవ్వుకొంటారు. తర్వాత కోటులో చేయి పెట్టి నిజమైన పిస్తోలు తీస్తాడు. ముగింపులో ముఠా ఇంటి ముందు నిలబడి అవే వేళ్లను అలాగే గురిపెడతాడు. అలాగే కోటులో చేయి పెడతాడు. వెంటనే తూటాలు కురుస్తాయి. నేలకొరిగిన అతని పిడికిట్లో ఉన్నది సైనికదళపు చిహ్నం గల సిగరెట్ లైటర్ మాత్రమే. ‘డర్టీ హారీ’ని ఎన్నడూ చూడని ప్రేక్షకుడు కూడా ఆ చేయి తుపాకీతో బయటికి వస్తుందనే ఎదురుచూస్తాడు. ఆ నిరీక్షణను నేర్పినది ఈ చిత్రమే. కాబట్టి మూడవ వాదం నిలవదు. ముగింపుకు అవసరమైన స్మృతిని చిత్రం తనలోనే సమకూర్చుకొంది.

వెలుపలి స్మృతి దానిపై మరొక పొరను చేరుస్తుంది. సెర్జియో లియోనె దర్శకత్వంలో ఈస్ట్‌వుడ్‌కు ఖ్యాతి తెచ్చిన ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ (1964) చివరి ఘట్టంలోనూ కథానాయకుడు ఒంటరిగా శత్రువుల ముందుకు నడిచి వస్తాడు. గుండెలకు గురిచూసి కాల్చిన ప్రతి తూటాకూ పడిపోయి మళ్లీ లేస్తాడు. అతని దుప్పటి కింద ఇనుపరేకు దాగి ఉందని తర్వాత తెలుస్తుంది. రెండు ఘట్టాల్లోనూ వస్త్రం కింద ఏదో దాగి ఉంది. అక్కడ దాగినది ప్రాణాన్ని కాపాడింది, ఇక్కడ దాగినది ప్రాణాన్ని తీసింది. అభిమాని గ్రహించే ఈ వ్యంగ్యార్థం వాచ్యార్థాన్ని పుష్టం చేస్తుందే కాని, దానికి బదులుగా నిలవదు.

వీరకృత్యమే అనర్థమూలం

ప్రాయశ్చిత్తవాదులూ, ఆక్షేపకులూ చివరి ఘట్టంపై చూపినంత శ్రద్ధ దానికి దారితీసిన కార్యకారణ క్రమంపై చూపలేదు. ఈ చిత్రంలో వాల్ట్ ఆయుధబలాన్నీ, భుజబలాన్నీ చూపిన ఘట్టాలు ఒక వరుసలో నడుస్తాయి. థావోను ఈడ్చుకుపోతున్న ముఠాను తన గడ్డిమీదికి రాగానే సైనిక రైఫిల్ చూపి తరిమేస్తాడు. ఫలితంగా పొరుగువారు అతని గుమ్మం నిండా పూలు, వంటకాలు తెచ్చిపెడతారు. వీధి యువకుల నుంచి సూను కాపాడతాడు. ఫలితం ఆమె స్నేహం. ఇంతవరకు వీరచిత్రాల సంప్రదాయమే. ముఠా థావోపై దాడిచేసి, చెంపను సిగరెట్‌తో కాల్చినప్పుడు వాల్ట్ ముఠా ఇంటికి వెళ్లి, వారిలో ఒకణ్ణి చావగొట్టి హెచ్చరించి వస్తాడు. ప్రేక్షకుడు తృప్తిపడే ఘట్టమిది. కాని దీని ఫలితం భయంకరం. ముఠా థావో ఇంటిపై తూటాల వర్షం కురిపిస్తుంది. సూను అపహరించి, కొట్టి, అత్యాచారం చేసి పంపుతుంది. ఆ రాత్రి వాల్ట్ తన ఇంట్లో అద్దాల బీరువాను పిడికిళ్లతో పగలగొట్టి, నెత్తురోడే చేతులతో చీకట్లో కూర్చుంటాడు.

ఈ క్రమంలో చిత్రం చెప్పినది స్పష్టం. సూకు జరిగిన ఘోరానికి ముఠా ఎంత కారణమో, వాల్ట్ వీరకృత్యం అంత ప్రేరణ. ప్రేక్షకుడు హర్షించిన చర్యే అనర్థమూలమైంది. ముగింపులో వాల్ట్ తుపాకీని విడిచిపెట్టడం హఠాత్తుగా కలిగిన వైరాగ్యం కాదు. తన పద్ధతి విఫలమైందన్న గ్రహింపు నుంచి పుట్టిన నిర్ణయం. జాన్ వేన్ చివరి చిత్రమైన ‘ది షూటిస్ట్’ (1976)లో క్యాన్సర్‌తో మరణానికి చేరువైన తుపాకీవీరుడు తుది పోరాటానికి ఆయుధంతోనే వెళ్లి, ఆయుధంతోనే మరణిస్తాడు. అది వీరుని జీవితానికి తగిన ముగింపు. ‘గ్రాన్ టొరినో’ ముగింపు వీరుని జీవితాన్ని తప్పుపట్టే ముగింపు. నెత్తురు దగ్గుతున్న వృద్ధుడు ఎలాగూ పోయేవాడే కదా అని తేల్చివేసే విమర్శ ఈ భేదాన్ని గుర్తించదు.

పురాణజ్ఞానం గల తెలుగు పాఠకునికి ఇక్కడ దధీచి స్ఫురించడం సహజం. పోలిక కొంతవరకే సాగుతుంది. దధీచి దేహం ఆయుధమైంది. వాల్ట్ దేహం సాక్ష్యమైంది. అంతవరకు భయంతో నోరు విప్పని ఇరుగుపొరుగు నిరాయుధుని హత్యకు సాక్ష్యమివ్వడానికి ముందుకు వస్తుంది. ముఠా జైలుకు పోతుంది. చట్టాన్ని ధిక్కరించిన తెరమూర్తి తన మరణం ద్వారా చట్టాన్ని పనిచేయించడమే ఇక్కడి విశేషం.

రెండు పాపసంకీర్తనాలు

ఆత్మవిమర్శ చిత్రంలో ఎంత లోతుకు వెళ్లిందో తెలుసుకోవడానికి మరొక ఆధారముంది. భార్య చివరి కోరిక మేరకు వాల్ట్ ఫాదర్ జానోవిచ్ వద్ద పాపసంకీర్తనం చేస్తాడు. ఎన్నో ఏళ్ల కిందట ఒక పండుగ వేడుకలో పరస్త్రీని ముద్దుపెట్టుకోవడం, పడవ అమ్మకంపై పన్ను కట్టకపోవడం, కొడుకులకు దగ్గర కాలేకపోవడం – ఇవే అతను చెప్పిన పాపాలు. విన్న గురువే ఆశ్చర్యపోతాడు. కొంతసేపటికి, ప్రతీకారానికి తొందరపడుతున్న థావోను నేలమాళిగలో బంధించి, వల తలుపుకు ఇవతల నిలబడి వాల్ట్ మరొక మాట చెబుతాడు. కొరియాలో లొంగిపోవాలనుకొన్న, భయపడిన ఒక కుర్రవాణ్ణి చంపాడు. తనకు పతకం దక్కినది అందుకే. చర్చిలో వినేవారికీ చెప్పేవారికీ మధ్య ఉన్న జాలి వంటిదే ఇక్కడా ఉంది. గురువు ముందు రాని నిజం ఆసియా కుర్రవాని ముందు బయటపడింది. మోంగ్ మంత్రవైద్యుడు అంతకుముందే వాల్ట్ ముఖం చూసి, గతంలో చేసిన తప్పు వల్ల అతనికి శాంతి లేదని చెప్పిన ఘట్టం దీనికి పూర్వరంగం.

ఈ అమరిక వల్ల చిత్రపు విమర్శ ఒక నటుని పాత పాత్రలకే పరిమితం కాలేదు. రాజ్యం పతకమిచ్చి గౌరవించిన హింస కూడా ఆ విచారణలోకి వచ్చింది. వీరరసం కరుణలోకి పరిణమించడానికి బీజం ఇక్కడే పడింది.

మౌనం పాలైనవారు

ఇంతవరకు చేసిన పరిశీలన మొదటి వాదానికి బలమిస్తుంది. రెండవ వాదంలోని సత్యాన్ని తోసిపుచ్చడానికి మాత్రం ఇది చాలదు. అత్యాచారానికి గురైన తర్వాత సూ పాత్ర దాదాపు మూగబోతుంది. అంతవరకు చిత్రంలో అందరికంటే చురుకుగా మాట్లాడినది, వాల్ట్‌కు తన ప్రజల చరిత్ర చెప్పినది ఆమే. ఆమె వేదన వాల్ట్ నిర్ణయానికి కారణంగా మారిందే కాని, ఆమె అనుభవంగా తెరపై నిలవలేదు. థావో తాళం వేసిన గదిలో ఉండిపోయాడు. హింస నుంచి అతణ్ణి కాపాడటం న్యాయమే. కాని తన కుటుంబానికి సంబంధించిన నిర్ణయంలో అతనికి పాత్ర లేకుండా పోయింది. చేతులు చాచి శిలువాకారంలో పడిన వాల్ట్ దేహం పవిత్రతను సంతరించుకొంది. థావోగా నటించిన బీ వాంగ్ తర్వాతి కాలంలో చిత్రంలోని మోంగ్ పాత్రచిత్రణనూ, జాతిపరమైన హాస్యాన్నీ బహిరంగంగా విమర్శించడాన్ని ఈ సందర్భంలో గుర్తుంచుకోవాలి. తనను చిత్రించిన కృతిపై చిత్రితుడైనవాడు చెప్పిన మాటను అభిమానుల అభిప్రాయంతో సమానంగా తూచడం న్యాయం కాదు.

క్షేమేంద్రుని ఔచిత్యసిద్ధాంతాన్ని అనుసరించి చూస్తే, వాల్ట్ పాత్ర విషయంలో ముగింపు ఉచితం. సూ, థావోల విషయంలో అసమగ్రం. వీరుణ్ణి ప్రశ్నించిన చిత్రం, కథ మొత్తం వీరుని చుట్టూనే తిరగాలన్న నియమాన్ని ప్రశ్నించలేదు. ఆత్మవిమర్శ కూడా ఆత్మకేంద్రమే కావడం దీని పరిమితి. ప్రాయశ్చిత్తవాదులు, ఆక్షేపకులు పరస్పరం ఖండించుకొంటున్నట్లు కనిపించినా, మొదటివారు చిత్రం వాల్ట్‌కు చేసినదాన్ని, రెండవవారు ఇతరులకు చేయనిదాన్ని చెబుతున్నారు. రెండూ ఒకే కృతిలోని వాస్తవాలే.

ఉపసంహారం

ఈ పరిశీలన వల్ల రెండు విషయాలు తేలుతున్నాయి. వృద్ధ నటదర్శకుని చిత్రాన్ని అంచనా వేసేటప్పుడు నటుని గతాన్ని వ్యంగ్యార్థసామగ్రిగా స్వీకరించవచ్చు. కాని ముందుగా కృతి తనలో తాను ఏర్పరచుకొన్న స్మృతినీ, కార్యకారణ క్రమాన్నీ పరీక్షించాలి. ఇక తెరమూర్తి పునర్విచారణ ఆ మూర్తికి వెలుపలివారి గొంతుకు ఎంత చోటిచ్చిందన్నది విలువనిర్ణయంలో తప్పనిసరి ప్రశ్న కావాలి.

తెలుగు సినిమా అధ్యయనానికి ఈ ప్రశ్నలు దూరమైనవి కావు. నందమూరి తారకరామారావు స్వీయదర్శకత్వంలో ప్రధానపాత్ర ధరించిన ‘బ్రహ్మర్షి విశ్వామిత్ర’ (1991) కూడా ఆయుధబలం తపోబలం ముందు ఓడిన రాజు కథే. అటువంటి చిత్రాలను అభిమానుల ఆరాధనకో, విజయాపజయాల లెక్కలకో వదిలివేయకుండా, వార్ధక్యంలో నటుడు తన తెరమూర్తితో జరిపిన సంవాదంగా చదివే పని మన పరిశోధనలో జరగవలసి ఉంది. అభిమానుల స్మృతి ఆ పనికి విలువైన ఆకరం. తీర్పు చెప్పవలసిన బాధ్యత విమర్శకునిది.