అంబాసిడర్‌కి మళ్లీ నిగ్గు

ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో తయారీ 2014లోనే ఆగిపోయినా అంబాసిడర్ కార్లు ఇప్పటికీ పెయింటింగ్ షెడ్లకి వస్తూనే ఉన్నాయి. ఎండకి సున్నం కొట్టినట్టు తెల్లబారిన బానెట్ చూడగానే కొత్త రంగు వేయించేద్దాం అనేవాళ్లే ఎక్కువ. పాతకాపు పెయింటర్ ఆ తొందర పడడు. చచ్చింది పైపొరే, అడుగున రంగు బతికే ఉందేమో ముందు చూస్తాడు. 2000 నంబరు వాటర్ పేపర్ నానబెట్టి, సబ్బునీళ్లతో, చెయ్యి బరువు పడకుండా రుద్దుతాడు. నీళ్లలో రంగు దిగుతుంటే ఆగి వేళ్లతో తడిమి చూస్తాడు. అంచుల దగ్గర మరీ జాగ్రత్త. అక్కడ పొర పల్చన, నాలుగు రుద్దులు ఎక్కువైతే ప్రైమర్ బయటపడుతుంది. ఆ తర్వాత రబ్బింగ్ కాంపౌండ్, మెత్తటి గుడ్డ. కొత్త రంగు కన్నా ఇలా తేలిన పాత రంగే నాకు ముద్దు. బండి కొనే బేరగాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

బంపర్ సంగతి వేరు. క్రోమ్ అని మనం మురిసిపోయే మెరుపులో ఎక్కువ వంతు కింద ఉన్న నికెల్‌దే. పైన క్రోమియం పొర సాధారణంగా మైక్రాను లోపే. తుప్పు చుక్కలైతే తడిపిన అల్యూమినియం ఫాయిల్‌తో రుద్దితే పోతాయి. పొర పొక్కులు లేచిందంటే మాత్రం ఊడదీసి ప్లేటింగ్‌కి పంపాల్సిందే. అక్కడా అసలు పనితనం తొట్టిలో ముంచడంలో లేదు, అంతకుముందు బఫింగ్ చక్రం దగ్గర ఉంది. చిన్న గీత మిగిలినా క్రోమ్ దాన్ని దాచదు, ఇంకా ఎత్తిచూపుతుంది.