జలమగ్నలోకము: గ్రంథవిమర్శనము

ప్రళయానంతర జీవితమును వస్తువుగా గొన్న ఆంగ్ల నవలలలో జె. జి. బాలర్డు 1962లో ప్రకటించిన "ది డ్రౌన్డ్ వరల్డ్" గణనీయమైనది. ఇది యాతని రెండవ నవల. సూర్యతాపము ప్రకోపించి ధ్రువముల మంచు కరగగా లండను నగరము మడుగుల పాలైనది. కెరాన్సు అను జీవశాస్త్రజ్ఞుడు నీట మునిగిన హోటలు పై యంతస్తున వసించుచు, మానవుడు పుట్టకమునుపటి కాలమును కలలయందు గాంచును. సైన్యము ఉత్తరమునకు మరలిపోయినను ఆతడు నిలిచిపోవును. స్ట్రాంగ్‌మన్ అను దోపిడికాడు నీటిని తోడించి వీధులను బయల్పఱుపగా, కెరాన్సు కట్టను ప్రేల్చి, నీటిని మరల లోనికి వదలి, యొంటరిగా దక్షిణదిశకు సాగిపోవును.

ఈ గ్రంథమునకు ప్రాణము వర్ణనము. కార్యాలయముల గవాక్షములయందు ఎండ గాచుకొను ఇగ్వానాలు, మేడలను మ్రింగిన యొండ్రు, ఊపిరాడనీయని యుక్క కన్నులకు గట్టును. నీరు తీసిన పిమ్మట నగరము పూర్వవైభవముతో గాక బురదతో కంపుగొట్టుచు కనబడు ఘట్టము సర్వోత్తమము. మునిగినదానిని వెలికి దీసినను అది మునుపటిది కాజాలదని రచయిత యుపదేశము లేకయే చూపెను.

అయినను నెల్లూరు తీరవాసికి ఇందొక లోపము తోచకపోదు. పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమ శ్రీహరికోట దీవి యడ్డుగా నున్నది. సరస్సు ముఖద్వారము ఇసుకతో పూడినచో నీరు తఱుగును, చేపలు రావు, పల్లెలు పస్తులుండును. నీటి రాకపోకలే అచట బ్రతుకు. బాలర్డు మడుగులలో వలవేసి పొట్టపోసికొనువాడు కానరాడు. నీరు ఒక్కని మనస్సునకు అద్దము మాత్రమే. 2004 డిసెంబరు 26న సునామీ ఈ తీరముపై బడిన పిమ్మట, పడవలును వలలును గోల్పోయినవారికి మఱునాటి కూడే ప్రశ్న యయ్యెను.

ఈ ప్రశ్నను మన సాహిత్య మెఱుగును. నెల్లూరి కవియగు తిక్కన తెనిగించిన మౌసలపర్వకథలో సముద్రము ద్వారకను మ్రింగును. అర్జునుడు స్త్రీబాలవృద్ధులను వెంటగొని వెడలును. త్రోవలో ఆభీరులు పైబడగా గాండీవము ఎక్కుపెట్టుటయే కష్టమగును. ఎందఱో స్త్రీలు అపహృతలగుదురు. అయినను కథ మిగిలినవారిని విడువదు; వజ్రుడు ఇంద్రప్రస్థమున ప్రతిష్ఠితుడగును. వీరుని పరాభవమును దాచక, శరణార్థుల త్రోవను వీడక చెప్పుటయే ఇందలి ఘనత.

ఇతిహాసమును నవలను ఒకే త్రాసున దూచుట న్యాయము గాదనవచ్చును. బాలర్డు ఉద్దేశించినది మనోలోకము. ఆ మేరకు కృతార్థుడు. కాని కట్ట తెగినప్పుడు ఆ నీరు ఎవరి యిండ్లపై బడునో యని యీ కథ యడుగదు. అడిగియుండినచో కెరాన్సు ప్రయాణము సాహసమో పలాయనమో యను విచారము పాఠకునకు మఱింత గాఢముగా గలిగెడిది. ఇది చదువదగిన గ్రంథము. అనుకరింపదగినది మాత్రము కాదు. మన తీరమునుండి ప్రళయకథ వ్రాయబూనువారు కట్ట దిగువనున్న యిండ్లనుండి యారంభించుట మేలు.