నవ్వుల మాటున ఒక బాలుడు

టామ్ జార్జ్ దర్శకత్వం వహించిన 'సీ హౌ దే రన్' (2022) చిత్రకథ 1953 నాటి లండన్ నాటకశాలలో మొదలవుతుంది. అగాథా క్రిస్టీ నాటకం 'ది మౌస్‌ట్రాప్' నూరవ ప్రదర్శన వేడుకలో హత్య జరుగుతుంది. హతుడే కథ చెబుతూ అపరాధ పరిశోధన కథల మూసను ఎగతాళి చేస్తాడు. చిత్రం ఆ మూసలోనే సాగుతుంది. తాగుడు మరిగిన ఇన్‌స్పెక్టర్, తొందరపడి నిర్ణయాలకు వచ్చే కానిస్టేబుల్ మనల్ని నవ్విస్తారు.

మీరు ముఖ్యంగా గమనించవలసింది హత్యకు గల కారణం. తన కుటుంబ విషాదాన్ని వినోదంగా అమ్ముకున్నారన్నదే హంతకుని ఆక్రోశం. దీని వెనుక వాస్తవం ఉంది. 1945లో సంరక్షకుల ఇంట హింసకు బలైన బాలుడు డెన్నిస్ ఓనీల్ ఉదంతమే ఆ నాటకానికి ప్రేరణ. చిత్రం ఈ ప్రశ్నను ధైర్యంగా లేవనెత్తి, వెంటనే హాస్యంలోకి జారుకుంటుంది. అదే దాని లోపం. మరి టిక్కెట్టు కొని నవ్విన ప్రేక్షకుని బాధ్యత ఏమిటి? ఆలోచించి రాయండి.