వెన్న మీద హంస

కొయ్యలో హంసను చెక్కేవాడు మామూలుగా చుట్టూ ఉన్న చెక్కను తీసేసి హంసను మిగులుస్తాడు. పాత ఇంగ్లండు పల్లెల్లో వెన్న అచ్చులు చేసినవాళ్లది దీనికి తలకిందుల పని. వాళ్లు హంసను తవ్వి తీసేసి, చుట్టూ ఉన్న చెక్కను మిగిల్చారు. గుంటగా చెక్కిన హంస వెన్న మీద ఉబ్బెత్తుగా లేస్తుంది. అది కుడివైపు చూడాలంటే కొయ్యలో ఎడమవైపు చూడాలి. రొమ్ము నిండుగా రావాలంటే ఉలి అక్కడే అన్నిటికన్నా లోతుకు దిగాలి.

వెన్న మీద అదిమితే చాలదు, అచ్చు శుభ్రంగా ఊడి రావాలి కూడా. గాటు అడుగున వెడల్పై పైన ఇరుకైతే వెన్న అందులో చిక్కుకుంటుంది. అచ్చు ఎత్తగానే మెడ తెగిన హంస మిగులుతుంది. అందుకే మంచి అచ్చులో ప్రతి గాటూ పైకి విచ్చుకుంటుంది. మెడ వంపులోనూ, రెక్క మీది సన్నని ఈకల్లోనూ ఆ ఏటవాలు తప్పదు. ఇంత చిన్న చోట అంత నిబ్బరంగా ఉలి నడిపిన చేతికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

అచ్చు గుండ్రంగా ఉంటుంది, వెనక తరిమెన పట్టిన పొట్టి పిడి. కొయ్య ఎక్కువగా సైకమోర్. బైబిల్లో జక్కయ్య ఎక్కిన మేడిచెట్టు ఇంగ్లిషు పేరూ ఇదే కానీ, ఇది వేరు. మేపుల్ జాతి చెట్టు. నార సన్నన, రంగు తెలుపు, వెన్నకు వాసన గానీ రుచి గానీ అంటనివ్వదు. వాడే ముందు అచ్చును చన్నీళ్లలో నానబెట్టేవారు. తడి కొయ్యకు వెన్న పట్టుకోదు.

హంస ఒక్కటే కాదు: ఆవు, గోధుమ కంకుల కట్ట, ఓక్ కాయ, తిస్సిల్ పువ్వు. సంతలో ఆ గుర్తు చూసి ఎవరింటి వెన్నో పోల్చుకునేవారు. వెన్న అంచుల్లో తీగల నమూనా దొర్లించడానికి పిడి గల చిన్న చక్రాలూ ఉండేవి. 19వ శతాబ్దం చివర్లో వెన్న తయారీ ఫ్యాక్టరీలకు, కాగితపు పొట్లాలకు మారాక ఈ పనిముట్లు అటకెక్కాయి.

ఇలాంటి చిన్న కొయ్య సామానును అక్కడ ట్రీన్ అంటారు. చెట్టుతో చేసినది అని మాటకు అర్థం. ఎడ్వర్డ్ పింటో, ఈవా దంపతులు జీవితమంతా వీటిని పోగుచేశారు. ఏడు వేలకు పైబడిన ఆ సేకరణను 1965లో బర్మింగ్‌హామ్ మ్యూజియం తీసుకుంది.

పాత వెన్న అచ్చు ఎప్పుడైనా కంటపడితే దాని మీద వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడేచోట నిలబడి చూడండి. కాసేపటికి గుంటలోని హంస ఉబ్బెత్తుగా పైకి లేచినట్టు కనిపిస్తుంది.