క్రూసేడులను గూర్చిన ప్రవాదములు

క్రీ. శ. 1095 మొదలుకొని 1291 వఱకును పశ్చిమ యూరపు క్రైస్తవులు జెరూసలేము పుణ్యక్షేత్రమును గైకొనుటకును నిలుపుకొనుటకును నడపిన దండయాత్రలు క్రూసేడులని ప్రసిద్ధిఁ గాంచినవి. వీనిని గూర్చి లోకమున మూఁడు ప్రవాదములు నాటుకొనియున్నవి. భూవసతి లేని చిన్నకొడుకులు దోపిడికై తూర్పునకుఁ బోయిరనునది మొదటిది. జెరూసలేము వీధుల మోకాలిబంటి రక్తము ప్రవహించెననునది రెండవది. వేలకొలఁది పసిబిడ్డలు సేనగాఁ గూడి సముద్రతీరమునకు నడచిరనునది మూఁడవది. ఇవి నిర్మూలములు కావు. ఒక్కొకదానికి నొక ప్రాచీనవాక్యము మూలముగాఁ గలదు. ఆ వాక్యము నెవ్వఁడు, ఎప్పుడు, ఏ యుద్దేశముతో వ్రాసెనో విచారింపక గ్రహించుటవలననే ప్రమాదము కలిగినది.

మొదటి ప్రవాదమునకు మూలము పోపు రెండవ అర్బను 1095 నవంబరు 27వ తేదీన ఫ్రాన్సునందలి క్లెర్మాంటు నగరమునఁ గావించిన యుపన్యాసము. దానిని యథాతథముగా వ్రాసికొన్నవారు లేరు. నేఁడు లభించు ముఖ్యపాఠములు నాలుగు: షార్ట్రెవాసి ఫుల్చరు, రాబర్టు సన్న్యాసి, బాల్డ్రిక్కు, గైబర్టు అనువారివి. నలువురును 1099లో జెరూసలేము పట్టుపడిన పిమ్మటనే వ్రాసిరి. నాలుగు పాఠములును బరస్పరము భిన్నములు. ఫ్రాంకుల భూమి యిఱుకైనదనియు, జనులకుఁ దిండి చాలదనియు నర్బను పలికినట్లు చెప్పినవాఁడు రాబర్టు. ఫలమెఱిఁగిన పిదప వ్రాసిన యుపన్యాసమును బట్టి దానిని వినినవారి మనస్సును నిర్ణయించుట, భారతమునందలి రాయబారవాక్యములను దూత నోట వెడలిన యక్షరములుగాఁ గొనుటవంటిది.

శాసనములతోఁ బరిచయముగల పండితులకు వేఱొక సాక్ష్యము విశ్వసనీయముగాఁ దోఁపఁగలదు. యాత్రకుఁ బోవువారు మఠములకు వ్రాసియిచ్చిన విక్రయపత్రములు, తనఖాపత్రములు పెక్కు లభించినవి. జోనథన్ రైలీ-స్మిత్ 1997లోఁ బ్రకటించిన గ్రంథమున వీనిని విశేషముగాఁ బరిశీలించెను. యాత్ర మిక్కిలి వ్యయసాధ్యమనియు, పోవువారు భూములను గడించుటకు మాఱుగా నున్నవానినే యమ్ముకొనిరనియు వీనివలనఁ దెలియుచున్నది. నార్మండీప్రభువగు రాబర్టు తన రాజ్యమును 10,000 మార్కుల వెండికిఁ దమ్ముఁడైన యింగ్లండురాజు విలియమునకుఁ గుదువపెట్టెను. గాడ్‌ఫ్రే తన బూయాను దుర్గమును లియేజి బిషప్పునకుఁ గుదువపెట్టెను.

ఆ కాలమువారు దీనిని 'మార్గము' అనియు, 'తీర్థయాత్ర' అనియు వ్యవహరించిరి. క్రూసేడను పేరు తరువాతిది. మ్రొక్కు చెల్లింపఁగానే పెక్కుమంది యిండ్లకు మఱలిరి. జెరూసలేములో నివసించిన ఫుల్చరు, బాల్డ్విను రాజునకుఁ దొలినాళ్ల మున్నూఱుమంది యాశ్వికులును నంతమాత్రమే పదాతులును మిగిలియుండిరని వ్రాసెను. అయినను భూకాంక్ష లేనే లేదనుటయు సత్యము కాదు. ఈ బాల్డ్వినే చిన్నకొడుకు. 1098లో నెడెస్సాను జేఁజిక్కించుకొనెను. తండ్రిరాజ్యము సవతితమ్మునిపాలు కాఁగా బొహెమండు ఆంటియాకును గ్రహించి, సేన జెరూసలేమునకుఁ గదలినను దా నచ్చటనే నిలిచెను. కొందఱియెడ నిజమైనదాని నందఱకు నారోపించుటయే దోషము.

రెండవ ప్రవాదము 1099 జూలై 15వ తేదీకి సంబంధించినది. సేనవెంట నుండిన ఆగిలేరువాసి రేమండు, రక్తము మోకాళ్లవఱకును, గుఱ్ఱముల కళ్ళెములవఱకును వచ్చెనని వ్రాసెను. అతఁడు చెప్పినది సొలొమోను దేవాలయమని ఫ్రాంకులు పిలిచిన అక్సా మసీదును గూర్చియే. వీధుల ప్రసక్తి యందు లేదు. కళ్ళెములమాట బైబిలునందలి ప్రకటనగ్రంథము పదునాలుగవ యధ్యాయములోనిది. దైవక్రోధదినమును వర్ణించు నా వాక్యమును స్మరింపఁజేసి, ప్రవచనము నెఱవేఱెనని చాటుట యతని యభిమతము. దానిని గొలతగాఁ గొన్నవారు తరువాతివారు.

హతుల సంఖ్యయు నిట్లే పెరిగినది. ఒక శతాబ్దము గడచిన పిమ్మట వ్రాసిన ఇబ్ను అల్ అథీరు 70,000 మందికిఁ బైగా ననెను. ఆ కాలముననే తూర్పుదేశములఁ బర్యటించుచుండిన సెవిల్లుపండితుఁడు ఇబ్ను అల్ అరబీ 3,000 అనెను. కైరోలోని ప్రాచీన యూదుల ప్రార్థనామందిరమున దొరకిన జాబులవలన, చెఱఁబడిన యూదులను వారి గ్రంథములను ధనమిచ్చి విడిపించుటకు ఆస్కలానులోనివారు పాటుపడిరని తెలియుచున్నది. కాఁబట్టి నగరవాసులెల్లరును హతులైరనుట పొసఁగదు.

ఇంతమాత్రమున ఘాతుకము తేలికపడినదని యెంచువారు వేఱొక ప్రమాదమునఁ బడుదురు. నిరాయుధులను జంపుట విజేతలే యొప్పుకొన్న విషయము. మూఁడువేలమంది చావునకు ఘోరత్వము కలుగుటకై నెత్తుటియేఱు తోడుపడ నక్కఱలేదు. ఆ యేటిమాటను నిందకై వాడువారు తా మెఱుఁగకయే విజేత గర్వోక్తిని వల్లించుచున్నారు. రేమండు దానిని గీర్తిగాఁ జెప్పెనేకాని పాపముగాఁ జెప్పలేదు.

మూఁడవ ప్రవాదమునకు మూల మొక్క లాటిను పదము. 1212లో ఫ్రాన్సునందు స్టీఫెనను గొల్లవాని వెంటను, జర్మనీయందు నికొలాసు వెంటను జనసమూహములు కదలెను. వృత్తాంతకారులు వారిని 'ప్యూయెరి' యనిరి. ఆ పదమునకు బాలురను నర్థము నిఘంటుసిద్ధమే. కాని యది యచ్చట భూమిలేని కూలివారికిని, పేదవారికిని వాడఁబడినదని పీటరు రేట్సు 1977లో వాదించెను. తెలుగునఁ బనికుఱ్ఱవాఁడనునపుడు వయస్సుకంటెఁ బనియే ప్రధానమగుట యిందుకు సదృశము. ఆ సమూహములలో యువజనులు పెక్కండ్రుండిరని యంగీకరించువారును బసిబిడ్డల సేనను నమ్మరు. మార్సెయి రేవున వారిని నోడలెక్కించి బానిసలుగా నమ్మిరను కథ, సంఘటనకుఁ బెక్కేండ్ల పిదప నాల్బెరిక్కను సన్న్యాసి వ్రాసిన గ్రంథమునఁ గనఁబడును.

ఈ కథలను బాఠశాలలయందుఁ జెప్పుట మానవలసిన పనిలేదు. రాబర్టు వాక్యమును జెప్పునపుడు తనఖాపత్రమును, రేమండు వాక్యమును జెప్పునపుడు ప్రకటనగ్రంథమును, 'ప్యూయెరి' యను శబ్దమును జెప్పునపుడు దాని వాడుకను బ్రక్క నుంచినచో విద్యార్థి తారతమ్యమును దానే యెఱుఁగును. తాళపత్రప్రతులను సరిపోల్చి పాఠము నిర్ణయించు పండితులకు నీ పద్ధతి క్రొత్తది కాదు. స్వదేశకావ్యములయెడఁ జూపు జాగరూకతనే పరదేశచరిత్రయందును జూపవలసియున్నది.