కోసే ముందు వెలుగు

చేపను శుభ్రం చేస్తూ చేదుతిత్తి దగ్గరికి వచ్చేసరికి అమ్మ మాట ఆపేసేది. అది చిట్లితే కూరంతా చేదే. గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌లో క్లిప్ వేసే ముందు నాకూ నోట మాట రాదు.

కోయాల్సింది గాల్‌బ్లాడర్ నుంచి వచ్చే సన్నని గొట్టాన్ని. ముట్టకూడనిది లివర్ నుంచి పేగుకు పైత్యరసం మోసే పెద్ద గొట్టాన్ని. వాచిపోయి, అన్నీ అతుక్కుపోయిన కడుపులో ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. వేరే ఊళ్లో ఆ పెద్దది తెగి, కళ్లు పచ్చబడి మా దగ్గరికి వచ్చిన ఒకావిడ, ‘‘రాళ్లే కదా, మర్నాడే ఇంటికెళ్లొచ్చన్నారు డాక్టర్‌గారూ’’ అంది. ఆ మాట నన్ను వదల్లేదు.

అందుకే ఇండోసయనిన్ గ్రీన్ అంటే నాకంత ఇష్టం. 1950లలో కొడాక్ ప్రయోగశాలలో పుట్టిన రంగు ఇది. లివర్ పనితీరు కొలవడానికీ, రెటీనా రక్తనాళాలు చూడటానికీ ఎప్పటి నుంచో వాడుతున్నారు. నరంలోకి ఎక్కిస్తే లివర్ దాన్ని లాక్కుని, ఏ మార్పూ లేకుండా పైత్యరసంలోకి వదులుతుంది. పరారుణ కాంతి పడితే మెరుస్తుంది. ఆ మెరుపు మన కంటికి ఆనదు, కెమెరాకి ఆనుతుంది. టోక్యోలో ఇషిజావా బృందం 52 మందికి గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌లో ఇలా గొట్టాలు చూసి 2010లో ప్రచురించింది. మోతాదు 2.5 మిల్లీగ్రాములే. ఎక్స్‌రే పద్ధతిలోలాగా గొట్టానికి గాటు పెట్టి మందు ఎక్కించనక్కర్లేదు.

అసలు కిటుకు వేళలో ఉంది. టేబుల్ మీద ఎక్కిస్తే లివరే భగ్గున వెలిగి పక్కనున్న గొట్టాన్ని మింగేస్తుంది. కొన్ని గంటల ముందే ఇస్తే లివర్ మసకబారి గొట్టాలు తేలతాయి. అందుకే పొద్దున్నే వార్డుకి ఫోన్ చేస్తాను: ‘‘సిస్టర్, అయోడిన్ పడదేమో అడిగారా? గ్రీన్ ఎక్కించారా?’’

మొన్న ఒక పెద్దాయనకి తెర మీద కొవ్వు పొర వెనక నుంచి ఆకుపచ్చ గీత లేచింది, పెసర మొలకంత సన్నగా. కానీ ఈ కాంతి సెంటీమీటరు లోతు దాటి రాదు. వాపు ఎక్కువైన చోట, అంటే మాకు బాగా అవసరమైన చోటే, మసకేస్తుంది. గీత కనపడలేదంటే గొట్టం లేదని కాదు. అందుకే కొవ్వంతా ఒలిచి, గాల్‌బ్లాడర్‌లోకి వెళ్లేవి రెండే అని, ఒకటి గొట్టం, ఒకటి ధమని అని తేలేదాకా నేను కత్తెర అడగను. ఆ రోజు అలా ఒలవడానికే నలభై నిమిషాలు పట్టింది. మళ్లీ పరారుణ కాంతి వేయించాను. పెద్ద గీత దూరంగా, క్షేమంగా ఉంది. తెల్ల లైటుకి మార్చి, ఇంకోసారి చూసి, అప్పుడు క్లిప్ అడిగాను.