ఊసుపోక అల్లినవేనా?

కృత్తివెన్నులో కూచుని ఊలు స్వెట్టర్లు అల్లినదాన్ని నేను. మీరు నవ్వినా ఏమీ అనుకోను. మా ఊళ్ళో చలి అంటే కార్తీకమాసంలో కాస్త మొదలై, భోగిమంటతో సరి. ఆ నాలుగు రోజులకీ ఓ దుప్పటి చాలు. అయినా సరే, 1986లో ఒక వారపత్రికలో వచ్చిన నమూనా ముందేసుకుని, బందరు నుంచి తెప్పించిన లేతపచ్చ ఊలుతో మా నాలుగేళ్ళ పిల్లవాడికి స్వెట్టరు అల్లాను. వాడు దాన్ని తొడుక్కున్నది ఒకే ఒక్కసారి, బందరు స్టూడియోలో ఫొటో కోసం. ఆ ఫొటోలో వాడి మొహాన చెమట బిందువులు లెక్కపెట్టవచ్చు.

కేకు సంగతీ అంతే. పాత అల్యూమినియం డేగిసాలో ఇసుక పోసి, కిరసనాయిలు స్టవ్వు మీద పెట్టి, ఇసుక బాగా కాగాక అందులో కేకు గిన్నె దించి, మూతపెట్టి, మూత మీద బరువు పెట్టడం. చంకలో ఏడాది పిల్ల. కొంగు పట్టుకుని పెద్దవాడు, "అయిందా అమ్మా, అయిందా?" అని. తీరా మూత తీస్తే పైన పచ్చి, అడుగున మాడు. మా అత్తగారు ఓ ముక్క విరిచి నోట్లో వేసుకుని, "కింద నిప్పులు, పైన నిప్పులు పెడితే నా దిబ్బరొట్టె ఇంతకన్నా బాగా కాలేది గదే!" అన్నారు. న్యాయమైన విమర్శ. తిని మరీ చెప్పారు గనక నేను కిక్కురుమనలేదు.

మధ్యాహ్నాలు పిల్లలు నిద్రపోయాక అరుగు మీద చేరేవాళ్ళం, నేనూ ఎదురింటావిడా. ఆవిడ పుట్టిల్లు ఉప్పుటేరు అవతల, మొగల్తూరు వైపు. నా చేతిలో రెండు పొడుగు సూదులు, ఊలు ఉండ. ఆవిడ చేతిలో కొక్కెం ఉన్న ఒకే ఒక చిన్న సూది, తెల్ల దారం. నెలకోసారి పుట్టింటికి వెళ్ళి, అల్లిన పువ్వులు లెక్క ఒప్పజెప్పి, మళ్ళీ దారం తెచ్చుకునేది. పిల్లల దగ్గులూ, ఉల్లిపాయల ధరలూ మాట్లాడుకుంటూ ఇద్దరం అల్లుకునేవాళ్ళం. ఇద్దరం ఒకే పని చేస్తున్నామనే అనుకునేదాన్ని. ఊసుపోక, తీరిక వేళ, చేతులు ఊరికే ఉండలేక.

ఒకసారి మా బల్ల మీదకి లేసు గుడ్డ అల్లి పెట్టమన్నాను. అల్లి తెచ్చింది. ఎంత బాగుందో చెప్పలేను. నలభై రూపాయలు అడిగింది. అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఇంట్లో కూచుని చేసేదానికి నలభయ్యా?" అన్నాను. ఆవిడ వాదించలేదు. "పోనీలెండి మేష్టారమ్మగారూ, మీరు ఎంతిస్తే అంత" అంది. ముప్ఫై ఇచ్చాను. బేరం గెలిచానని సాయంత్రం మా వారికి గొప్పగా చెప్పుకున్నాను కూడాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈమధ్య మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఒక పుస్తకం తెచ్చి ఇచ్చాడు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త రాసిన 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్'. 1982లో లండన్‌లో అచ్చయి, 2012లో మళ్ళీ వచ్చింది. "అమ్మా, మీ వైపు వాళ్ళ గురించేట, చదువు" అన్నాడు. పక్క జిల్లా అయినా, ఉప్పుటేరు దాటితే వచ్చే ఊళ్ళేగదా అని చదివాను. నా మాట నేనే అచ్చులో చదువుకున్నట్లయింది.

1970ల చివర మరియా మీస్ నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో తిరిగి, లేసు అల్లే ఆడవాళ్ళతో మాట్లాడి, అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం చేసిన పరిశోధన ఇది. మన తీరంలో ఈ విద్య 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా పాదుకుంది. మొదట కొత్తగా మతం పుచ్చుకున్న పేద స్త్రీలు నేర్చుకున్నారు. తరవాత వ్యాపారం పెరిగి, బయటికెళ్ళి పని చేయడం పరువు తక్కువనుకునే రైతు కుటుంబాల ఆడవాళ్ళకీ పాకింది. వాళ్ళు అల్లిన బల్ల గుడ్డలు యూరపుకీ, ఆస్ట్రేలియాకీ ఓడలెక్కాయి. అల్లిన వాళ్ళు మాత్రం గుమ్మం దాటలేదు.

ఈ పుస్తకంలో గొప్పదనం ఏమిటంటే, పనిని పనిగా చూడడం. మనం 'లేసు' అని ఒక్క మాటతో సరిపెట్టేదాన్ని ఆవిడ విడదీసి చూపించింది. పువ్వులు అల్లే చేతిపని వేరు, వాటిని కలిపే అతుకుపని వేరు. ఎవరి వాటా వాళ్ళదే. కనుక చాలామందికి పూర్తయిన గుడ్డ ఎలా ఉంటుందో, ఎంతకి అమ్ముడుపోతుందో తెలియదు. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లిక, దాని మీద వంటా, నీళ్ళూ, పిల్లలూ. ఇంతా చేస్తే చేతికొచ్చేది రోజుకి అర్ధరూపాయికి కాస్త పైన. ఎండలో నాట్లు వేసే కూలి స్త్రీకి అంతకంటే ఎక్కువ ముడుతుంది. కానీ ఆ కూలి స్త్రీని చూసి నీడపట్టున ఉన్న ఈవిడ, "నా బతుకు నయం, నేను ఇల్లాలిని" అనుకుంటుంది. ఈ చోట నేను పుస్తకం మూసి కాసేపు కూచున్నాను.

దీనికి మరియా మీస్ పెట్టిన పేరుని మనం తెలుగులో గృహిణీకరణ అనుకోవచ్చు. పేరు బరువుగా ఉంది గానీ సంగతి తేలిక. పనికి 'పని' అనే పేరు తీసేసి 'తీరిక వేళ కాలక్షేపం' అని పెట్టండి. కూలి దానంతటదే తగ్గుతుంది. భర్త సంపాదిస్తున్నాడుగదా, ఈవిడకి వచ్చేది పైఖర్చులకేగదా అని వ్యాపారీ అంటాడు, ఇంటాయనా అంటాడు, చివరికి అల్లే ఆవిడా అంటుంది. వీళ్ళని జనాభా లెక్కల్లో కూడా పని చేసేవాళ్ళుగా సరిగ్గా లెక్కకట్టలేదు. ఎదురింటి అరుగు మీద నేనన్నదీ ఆ మాటే.

ఇంత మెచ్చుకున్నాక, నాకు ఈ పుస్తకంతో ఒక పేచీ కూడా ఉందని చెప్పాలి. ఇందులో స్త్రీలు గంటల్లోనూ, రూపాయల్లోనూ కనిపించినంతగా చేతుల్లో కనిపించలేదు నాకు. మా ఎదురింటావిడ ఏ కాగితమూ చూడకుండా, ఎవరి బల్ల మీదో ఒకసారి చూసొచ్చిన పువ్వుని సాయంత్రానికి దించేసేది. పాలు తాగే బిడ్డని ఒడిలో పడుకోబెట్టుకుని, వాడి తల మీదుగా చేతులు కదిపేది. ఒక వరస కుదిరినప్పుడు ఆవిడ మొహంలో వచ్చే చిన్న నవ్వుకి ఏ పట్టికలోనూ గడి లేదు. బాధని లెక్క కట్టినంత శ్రద్ధగా ఆ నేర్పునీ చెప్పి ఉంటే బాగుండేదనిపించింది.

ఈ పేచీతో నాలుగు రోజులు తిరిగాను. అసలు సంతోషం లేకుండా ఎవరైనా అల్లుతారా, నేను అల్లలేదా అనుకున్నాను. అలా అనుకుంటూనే ఆ లేతపచ్చ స్వెట్టరు గుర్తు తెచ్చుకున్నాను. చంక దగ్గర కుట్లు తప్పాయని దాన్ని మూడుసార్లు విప్పాను. విప్పిన ఊలుని ఆవిరి పట్టి, ఉండ చుట్టి, మళ్ళీ మొదలెట్టాను. విప్పడంలోనూ ఒక సరదా ఉండేది. అదే మా ఎదురింటావిడ ఒకనాడు నాలుగు పువ్వుల్లో లెక్క తప్పితే, వాటిని విప్పుతూ పెదవి కొరుక్కుంది. ఆ మధ్యాహ్నం ఉల్లిపాయల ధరలు మాట్లాడలేదు. పిల్లవాడు నిద్రలేచి ఏడిస్తే కసిరింది. అప్పుడు నాకు తట్టలేదు, ఇప్పుడు తెలుస్తోంది. నేను విప్పితే నా మధ్యాహ్నం పోయింది. ఆవిడ విప్పితే ఆ పూట బియ్యం పోయాయి.

కనుక నా పేచీ సగం నిలుస్తుంది, సగం నిలవదు. నేర్పు గురించి చెప్పి ఉండాల్సిందే. కానీ 'సంతోషంగా అల్లుతారుగదా' అనే మాటని నేను వాడకూడదు. ఎందుకంటే, ఆ సంతోషాన్ని చూపించే కూలి తగ్గించేది. నేను తగ్గించానుగదా, పది రూపాయలు!

ఇక మన స్త్రీల పేజీల సంగతి. నేను వాటి మీద పెరిగినదాన్ని, దులిపెయ్యడం నా ఉద్దేశం కాదు. అప్పట్లో మన కృష్ణాజిల్లాలోనే ఉన్న నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ గారి 'ప్రమదావనం' కోసం ఆంధ్రప్రభ వచ్చేరోజు ఎదురుచూసినవాళ్ళం. వంటలూ పిండివంటలూ చెప్పిన ఆ చేత్తోనే ఆవిడ 'పాత కెరటాలు' శీర్షికలో ప్రపంచ నవలల్ని మనకి పరిచయం చేశారు. వంటింటికీ పుస్తకానికీ మధ్య గోడ అక్కర్లేదని నేర్పింది అటువంటి పేజీలే. నేనిప్పుడు ఇంగ్లీషు పుస్తకాన్ని పట్టుకుని ఇలా నాలుగు మాటలు రాస్తున్నానంటే ఆ చలవే.

కానీ పాత కత్తిరింపులు తీసి చూస్తే ఒక లోటు కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. కావలసినవి అని పైన రాస్తారు. మైదా పావుకిలో, గుడ్లు నాలుగు, చక్కెర ఇంత, వనస్పతి ఇంత. లేదా ఊలు ఇన్ని ఉండలు, సూదులు ఫలానా నంబరు. ఆ జాబితాలో మనిషి ఉండదు. చంకలో పిల్లతో స్టవ్వు ముందు నిలబడ్డ రెండు గంటలు ఏ కొలతలోనూ రాలేదు. పైగా 'తీరిక వేళల్లో, ఖర్చు లేకుండా చేసుకోండి' అని కింద ఒక ముక్తాయింపు. ఖర్చు లేకపోవడం ఏమిటి? ఖర్చయింది మనమే గదా! మరియా మీస్ నరసాపురంలో చూసినదాన్ని మనం ప్రతి శుక్రవారం మన పత్రికలోనే చదువుకుని మురిసిపోయాం.

అదంతా వెనకటి సంగతి కదా అంటారేమో. 2024లో నరసాపురం క్రోషా లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. చాలా సంతోషించాను. అంతకుముందు బందరు లడ్డుకీ వచ్చింది. ఆ పేరు పెట్టుకుని వేరే చోట చేసినది అమ్మకుండా ఆ గుర్తింపు కాపాడుతుంది. మంచిదే. అయితే అది ఊరి పేరుని కాపాడుతుంది గానీ, పువ్వుకింత అని అల్లినావిడకి కూలి కట్టదు. అది వేరే లెక్క. ఆ లెక్క ఎవరో ఒకరు విడిగా అడగాల్సిందే.

మా అమ్మాయి, ఆనాడు నా చంకలో ఉన్న పిల్ల, ఇప్పుడు బందరులో కాపురం ఉంటోంది. ఇద్దరు చిన్నపిల్లలు. ఇంట్లో కరెంటు ఓవెన్ పెట్టుకుని పుట్టినరోజు కేకులు చేసి అమ్ముతుంది. దాని చేయి నాలాంటిది కాదు, మంచి చేయి. కేకు మీద క్రీముతో గులాబీలు పెడుతుంటే నాకు మా ఎదురింటావిడ పువ్వులే గుర్తొస్తాయి. మొన్న వెళ్ళినప్పుడు దాని లెక్కల పుస్తకం తిరగేశాను. వెన్న, గుడ్లు, క్రీము, కరెంటు, అట్టపెట్టె, రిబ్బను కూడా రాసింది. దాని మీద కాస్త లాభం వేసుకుని ధర కట్టింది.

"నీ చాకిరీ ఏదే?" అన్నాను.

"ఇంట్లోనే గదమ్మా! పిల్లల్ని చూసుకుంటూ చేసేదేగదా" అంది నవ్వుతూ.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. అరుగు మీద దాన్ని ఒళ్ళో పెట్టుకునే అన్నానుగదా నేను. మరియా మీస్ గారి పుస్తకం సంచీలోనే ఉంది, తీసి దాని చేతిలో పెట్టాను. "తరవాత చదువుతాలే" అంది. అది తరవాత సంగతి గానీ, ముందు ఇంకో వరస రాయమన్నాను. కలం తీసుకుని 'నా పని, మూడు గంటలు' అని రాసింది. ఎదురుగా రూపాయల గడి దగ్గర ఆగిపోయింది.

"ఎంత వెయ్యనమ్మా?" అంది.

నాకు వెంటనే తోచలేదు. మా బల్ల మీది లేసు గుడ్డ ఇంకా చెక్కుచెదరలేదు. దానికి ఎంత ఇచ్చి ఉండాల్సిందో ఇన్నేళ్ళకి కూర్చుని లెక్క కట్టుకుంటున్నాను. అది తేలాక అమ్మాయికి చెబుతాను. మీ ఇంట్లో ఎవరైనా ఇటువంటి లెక్కల పుస్తకం రాస్తుంటే, మీరూ ఒకసారి తిరగేసి చూడండి.